ఏం తక్కువైంది?

"మూడు పూటలా తిండి పెడుతున్నాం, అడిగిన ఫోను కొనిచ్చాం, ఫీజు ఎన్నడూ ఆపలేదు. వీడికి ఏం తక్కువైందని ఈ దిగులు?" పిల్లవాడికి డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పగానే ఇంట్లో ముందు లేచే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకొకటి వస్తుంది. "ఉద్యోగమా, సంసారమా, అప్పులా? చిన్నపిల్లలకు డిప్రెషనేమిటి?"

ఇలా అడిగినందుకు తల్లిదండ్రుల్ని తప్పుపట్టక్కర్లేదు. మొన్నమొన్నటిదాకా మనోవైద్యులూ ఇలాగే అనుకున్నారు. తనను తాను నిందించుకునే అంతరాత్మ బలపడితేనే డిప్రెషన్ వస్తుందనీ, పిల్లల్లో అది ఇంకా ఏర్పడదు కాబట్టి వాళ్లకు ఈ జబ్బు రాదనీ ఫ్రాయిడ్ బాటలో నడిచిన చాలామంది నమ్మారు. తల్లులకు దూరమైన పసిబిడ్డలు మొదట గుక్కపెట్టి ఏడ్చి, తర్వాత ఏడుపు కూడా మానేసి, ఎవరు పలకరించినా పట్టనట్టు చిక్కిపోవడాన్ని రెనె స్పిట్జ్ 1946లోనే రాసిపెట్టాడు. అయినా అది ఒక వింతగానే మిగిలింది. పెద్దల్లో డిప్రెషన్‌ను గుర్తించే లక్షణాలతోనే పిల్లల్లోనూ గుర్తించవచ్చని అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది 1980లో. అంటే ఇవాళ్టి తాతయ్యలు, అమ్మమ్మలు చదువుకునే రోజుల్లో ఈ జబ్బుకు వైద్యంలోనే సరైన చోటు లేదు. "మా కాలంలో ఇవన్నీ లేవు" అని వాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు. జబ్బు అప్పుడూ ఉంది, దాన్ని జబ్బుగా చూసిన కళ్లు లేవు.

ఇప్పుడు లెక్కలున్నాయి. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్క డిప్రెషన్నే తీసుకుంటే, 14 ఏళ్లలోపు నూటికి ఒకరికి, 15 దాటాక నూటికి ముగ్గురికి కాస్త అటూ ఇటూగా వస్తోంది. మన దేశంలో 2015-16లో నిమ్‌హాన్స్ అనే మనోవైద్య సంస్థ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని తేల్చింది. మనిషి జీవితంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లకల్లా, ముప్పాతిక భాగం 24 ఏళ్లకల్లా మొదలవుతాయని 2005లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం చెప్పింది. హైదరాబాదు తార్నాకలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడి దగ్గర్నుంచి, రోడ్డు దాటితే ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో పీజీ చేస్తున్న అమ్మాయి దాకా అందరూ ఆ వయసులోనే ఉన్నారు.

దిగులుగా కనిపించని దిగులు

ఆ తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణే ఊహించుకుందాం. ఆదివారం వచ్చిందంటే బ్యాటు భుజాన వేసుకుని క్యాంపస్ మైదానానికి పరిగెత్తేవాడు. రెండు నెలలుగా వెళ్లడం లేదు. పొద్దున బడి టైముకు కడుపునొప్పి అంటాడు, స్కానింగులో ఏమీ కనబడదు. చెల్లెలు పెన్సిల్ ముట్టుకుంటే విరుచుకుపడతాడు. లెక్కల్లో మార్కులు పడిపోయాయి. నాన్న దాన్ని వయసు పొగరంటాడు. నానమ్మ దిష్టి తీస్తుంది. టీచరు డైరీలో శ్రద్ధ లేదని రాస్తుంది. వాడు దిగులుగా ఉన్నాడని మాత్రం ఎవరికీ తోచదు. వాడు ఏడవడం లేదు కదా!

పిల్లల్లో డిప్రెషన్ పెద్దల్లో ఉన్నట్టు కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. లోపల ఏం జరుగుతోందో చెప్పే మాటలు పిల్లల దగ్గర తక్కువ. అందుకే అది కోపంగా, చిరాకుగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా బయటికొస్తుంది. పెద్దవాళ్లలో డాక్టర్లు ముందు వెతికేది దిగులు. పిల్లల విషయంలో దిగులుకు బదులు చిరాకున్నా లెక్కలోకి తీసుకుంటారు.

మిగతా లక్షణాలు అందరికీ ఒకటే. ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం, నిద్ర తగ్గడం లేదా అతిగా పట్టడం, ఆకలి మారడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, కదలికలు మందగించడం లేదా ఒకచోట నిలవలేకపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న భావన, చావు గురించిన ఆలోచనలు. దిగులుతో కలిపి మొత్తం తొమ్మిది. వీటిలో కనీసం అయిదు, రెండు వారాలకు తగ్గకుండా దాదాపు రోజంతా ఉండి, చదువునూ స్నేహాలనూ దెబ్బతీస్తే అది జబ్బు. ఆ అయిదింటిలో దిగులో, చిరాకో, ఇష్టం పోవడమో ఒకటి ఉండి తీరాలి. మ్యాచ్ ఓడి రెండు రోజులు ముభావంగా ఉండటం ఈ లెక్కలోకి రాదు.

ఇంకో తేడా కూడా ఉంది. చిన్నతనంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇది దాదాపు సమానంగా వస్తుంది. రజస్వల వయసు దాటాక ఆడపిల్లల్లో రెట్టింపవుతుంది. హార్మోన్లు కొంత కారణం. ఆ వయసు నుంచి ఆడపిల్ల మీద పెరిగే ఆంక్షలు, తన ఒంటి గురించి అందరూ చేసే వ్యాఖ్యలు, ఎదురయ్యే వేధింపులు మరికొంత కారణం.

జొన్న రొట్టె చెప్పిన పాఠం

"ఏం తక్కువైంది?" అన్న ప్రశ్నకు శాస్త్రం ఒకప్పుడు నిజంగానే జవాబు కనిపెట్టింది. ఆ కథలో కొంత తార్నాకలోనే నడిచింది.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. వచ్చేసరికి దక్కన్ పీఠభూమి పల్లెల్లో ఒక జబ్బు దాని కోసం ఎదురుచూస్తోంది. జొన్న గటక, జొన్న రొట్టె తప్ప మరో తిండి దొరకని కూలీలకు మెడ మీద, ముంజేతుల మీద, పాదాల మీద ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. వాటితోపాటు మనసు కుంగిపోయేది. నిద్ర ఉండేది కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి అయ్యేది కాదు, కొందరికి మతి చలించేది. అదే పెలాగ్రా.

పెలాగ్రా నియాసిన్ అనే బి విటమిన్ తక్కువై వస్తుందని అప్పటికే తెలుసు. మొక్కజొన్న తినే దేశాల్లో అది మామూలు. జొన్న తినేవాళ్లకు ఎందుకొస్తోందన్నది హైదరాబాదులో తలెత్తిన ప్రశ్న. ఆ సంస్థ పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ప్రతిపాదించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ. మన ఒళ్లు తిండిలోని ట్రిప్టోఫాన్ నుంచి కొంత నియాసిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. లూసిన్ ఆ పనికి అడ్డుపడుతోందని వాళ్లన్నారు. దానిమీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. రోగికి నియాసిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే మనసు తేటపడటంలో మాత్రం వాదానికి చోటు లేదు. ఏ కూలీ దిగులుకైతే ఊళ్లో గాలి సోకిందని పేరు పెట్టారో, అది ఒక విటమిన్‌తో తగ్గింది.

ఈ పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. పిల్ల నీరసంగా, చిరాగ్గా, చదువు మీద ధ్యాస లేకుండా ఉందంటే మంచి డాక్టరు ముందు రక్తపరీక్ష రాస్తాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకూ థైరాయిడ్ లోపానికీ డిప్రెషన్‌కూ పైకి కనిపించే లక్షణాలు కొన్ని ఒకటే. ఐరన్ మాత్రలతో పోయే నీరసానికి మనోవైద్యం అక్కర్లేదు. ఐరన్ సరిపోయినా నీరసం పోకపోతే అప్పుడు లోతుగా చూడాలి.

తరుగు లెక్క ఎందుకు తేలలేదు

పెలాగ్రా లాంటి విజయాలు చూశాక, డిప్రెషన్‌లోనూ ఏదో ఒకటి తక్కువై ఉంటుందని శాస్త్రవేత్తలు ఆశపడటం సహజమే. ఏ ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ పుడుతుందో, దాని నుంచే మెదడులో సిరటోనిన్ అనే సందేశవాహక రసాయనం కూడా తయారవుతుంది. సిరటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుందన్న ఊహ 1960లలో బలపడింది. 1987 చివర్లో అమెరికా ప్రోజాక్ అనే మందుకు అనుమతిచ్చాక అది ఇంటింటి మాటయింది. "మెదడులో కెమికల్ తగ్గిందట, మందు వాడితే సర్దుకుంటుందట" అని మన ఇళ్లలోనూ వినిపిస్తోంది.

ఈ మాటలో ఒక మేలుంది. పిల్లవాడి తప్పేమీ లేదని ఇంట్లోవాళ్లకు నచ్చుతుంది. చిక్కల్లా అది నిజమని తేలకపోవడంలోనే ఉంది. మనోవైద్యురాలు జొయానా మాంక్రీఫ్, ఆమె సహచరులు దశాబ్దాల అధ్యయనాలను పరిశీలించి 2022లో ఒక సమీక్ష ప్రచురించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సిరటోనిన్ తక్కువుంటుందనడానికి నిలకడైన సాక్ష్యం దొరకలేదని అందులో చెప్పారు. మందులు పనిచేయవని దాని అర్థం కాదు. ఒక మందు వల్ల మేలు జరిగినంత మాత్రాన ఆ మందు పెంచే పదార్థం ఒంట్లో తక్కువైందని రుజువు కాదు, అంతే.

అందుకే ఇప్పటి పరిశోధకులు ఏం తక్కువైందని కాక ఏం మారిందని అడుగుతున్నారు. ఒత్తిడి ఎక్కువకాలం నిలిచినప్పుడు కార్టిసాల్ అనే హార్మోను నడక మారుతుంది. మంచి జరిగినప్పుడు మెదడులో హుషారు పుట్టించే భాగాలు డిప్రెషన్ ఉన్న కౌమారుల్లో మందకొడిగా స్పందిస్తున్నాయని స్కానుల్లో కనిపించింది. లాటరీ తగిలినా, అమ్మ పాయసం చేసినా వాళ్ల ముఖం వెలగకపోవడం నటన కాదన్నమాట. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2000లో లెక్కగడితే, ఈ జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో దాదాపు 37 శాతం వారసత్వం పాత్రేనని తేలింది. మిగతాది పరిసరాలదీ, అనుభవాలదీ. కారణం ఒక్కటి కాదు. అవి ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్క పాళ్లలో కలుస్తాయి.

కౌమారంలో ఇవన్నీ ఒకేసారి కదులుతాయి. ఉద్వేగాలు ఉప్పొంగే మెదడు భాగాలు ముందే పదునెక్కుతాయి. వాటిని అదుపులో పెట్టే ముందరి భాగం ఇరవై అయిదేళ్లకు దగ్గరయ్యేదాకా ఎదుగుతూనే ఉంటుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఈ వయసులో రాత్రి ఇంకా ఆలస్యంగా ఊరుతుంది. కాబట్టి పదిహేనేళ్ల పిల్ల పదకొండైనా పడుకోలేకపోవడానికి ఫోను ఒక్కటే కారణం కాదు, ఒళ్లు కూడా కారణమే. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రాత్రి స్టడీ అవర్స్ ముగించి, తెల్లవారకముందే బెల్లు కొట్టి లేపే ఇంటర్ హాస్టళ్లలో ఆ లెక్క ఎలా కుదురుతుందో ఎంపీసీ, బైపీసీ చదివిన ఎవరినడిగినా చెబుతారు.

క్యాంపస్‌కు వచ్చేసరికి ఒత్తిడి రూపం మారుతుంది. ఉస్మానియాకు జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఇంగ్లిషు పుస్తకాల ముందు కూర్చున్నవాళ్లు, స్కాలర్‌షిప్ రాక మెస్ బిల్లు కట్టలేనివాళ్లు, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్లూ పూళ్లూ లైబ్రరీలో గడిపేవాళ్లు. పండక్కి ఊరెళితే "ఇంకా చదువేనా?" అన్న పలకరింపు. వీళ్లను మనం పెద్దవాళ్ల కింద జమకడతాం. కౌమారాన్ని 24 ఏళ్లదాకా లెక్కించాలని 2018లో కొందరు శాస్త్రవేత్తలు లాన్సెట్ వాళ్ల పిల్లల, కౌమారుల ఆరోగ్య పత్రికలో వాదించారు. మెదడు ఎదుగుదల చూస్తే ఆ వాదనలో బలముంది.

బోరింగులో చెంబెడు నీళ్లు

డిప్రెషన్ నయమవుతుందా? చాలామందికి అవుతుంది. అమెరికాలో 12-17 ఏళ్ల వాళ్లు 439 మందితో జరిపిన ఒక అధ్యయన ఫలితాలు 2004లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 35 శాతం, మాటల చికిత్స పొందినవాళ్లలో 43 శాతం, ఫ్లూఆక్సెటిన్ మందు వాడినవాళ్లలో 61 శాతం పన్నెండు వారాల్లో బాగా కోలుకున్నారు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 71 శాతం. జబ్బు తేలికగా ఉంటే మాటల చికిత్సతో మొదలుపెడతారు, ముదిరితే మందు కలుపుతారు. పిల్లలకు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొద్దిమందికి ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదముందని అదే ఏడాది అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. అందుకే ఆ వారాల్లో డాక్టరుకు తరచు చూపించాలి. మెడికల్ షాపులో అడిగి కొనడం, కాస్త నవ్వు కనబడగానే మానేయడం రెండూ పనికిరావు.

మాటల చికిత్స అంటే నీతిబోధ కాదు. దానిలో బాగా పనిచేసే ఒక పద్ధతిని అర్థం చేసుకోవడానికి మన ఊళ్లలోని పాత బోరింగు చాలు. వాడకుండా వదిలేస్తే లోపల తోలు వాచరు ఎండిపోతుంది. ఎంత బలంగా కొట్టినా గాలే తప్ప చుక్క రాదు. భూమిలో నీళ్లు లేవని కాదు. పైనుంచి చెంబెడు నీళ్లు పోస్తే వాచరు తడిసి పట్టు దొరుకుతుంది, అప్పుడు కొడితే నీళ్లు పైకొస్తాయి. డిప్రెషన్ ఉన్న పిల్లవాడు "మనసు బాగుపడ్డాక ఆడతాను" అంటాడు. ఆట మానడం వల్ల మనసు ఇంకా ఎండిపోతుంది. "హుషారుగా ఉండరా" అని గదమాయించడం ఎండిన బోరింగును మరింత గట్టిగా కొట్టడమే. చికిత్స చేసేవాళ్లు ఆ క్రమాన్ని తిరగేస్తారు. కోరిక పుట్టేదాకా ఆగకుండా, ఒకప్పుడు ఇష్టమైన పనిని చాలా చిన్న మోతాదులో ముందే చేయిస్తారు. మ్యాచ్ ఆడక్కర్లేదు, స్నేహితుడితో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తే చాలు. పుస్తకమంతా వద్దు, ఒక పేజీ. చేశాక మనసెలా ఉందో రాసుకోవాలి. కొన్ని వారాలకు పట్టు దొరుకుతుంది. పోయాల్సింది చెంబెడు. బిందెడు పోయాలని తొందరపడితే పిల్లవాడు మళ్లీ ఓడిపోయాననుకుంటాడు.

ఈ పనికి ప్రతిచోటా మనోవైద్యుడే కావాలని లేదు. గోవాలో శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇదే పద్ధతితో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న పెద్దలకు మేలు చేయగలిగారని 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మన దేశంలో డిప్రెషన్ లాంటి సమస్యలున్న నూరుమందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదన్నది జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మాట. కాబట్టి ఈ కబురు చిన్నది కాదు.

అడగాల్సిన మాట, మార్చాల్సిన చోటు

తల్లిదండ్రులు నోరు తెరవడానికి జంకే ప్రశ్న ఒకటుంది. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. న్యూయార్క్ రాష్ట్రంలో 2 వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అలా జరగలేదు. అడిగినందువల్ల బాధ పెరిగినట్టు కనబడలేదు. అప్పటికే కుంగి ఉన్నవాళ్లకు కాస్త ఊరట దొరికినట్టు కూడా కనిపించింది. కాబట్టి తిట్టకుండా, బెదరకుండా, సూటిగా అడగాలి. అవునంటే పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కాలం పోయింది. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, ప్రాణం తీసుకోబోయినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలంటోంది. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తార్నాకకు దగ్గర్లోనే గాంధీ ఆసుపత్రిలో మనోవైద్య విభాగం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

పిల్లవాడు కోలుకుని మళ్లీ వెళ్లేది మాత్రం అదే బడికి, అదే హాస్టల్‌కు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో గందరగోళం తర్వాత కొద్ది వారాల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఏ మరణానికీ కారణం ఒక్కటే ఉండదు. అయినా ఒక్క పరీక్ష మీద ఇంటి పరువంతా మోపిన వ్యవస్థకు అందులో పాత్ర లేదనలేం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. నూరుమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలనీ, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదనీ, నలుగురిలో అవమానించకూడదనీ అందులో ఉంది.

ఇవి ఫలిస్తాయా అన్నదానికి బీహార్‌లో ఆధారం దొరికింది. నలందా జిల్లాలోని 74 ప్రభుత్వ హైస్కూళ్లను మూడు జట్లుగా విడగొట్టి, ఒకదాన్ని పోలిక కోసం ఉంచి, మిగతా రెండింటిలో మార్పులు చేసి చూశారు. ఒక జట్టులో బడి వాతావరణం మెరుగుపరిచే బాధ్యతను ఉన్న టీచర్లకే అదనంగా అప్పగించారు. అక్కడ చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. రెండో జట్టులో ఆ ఒక్క పని కోసమే స్థానికుల్ని తీసుకుని శిక్షణ ఇచ్చి పెట్టారు. ఆ బడుల్లో పిల్లల మధ్య ఏడిపింపులు, కొట్లాటలు తగ్గాయి, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి. లెక్కల మాస్టారి మెడలో కౌన్సెలర్ బిళ్ల కూడా వేలాడదీస్తే సరిపోదు. జీతమిచ్చి, పిల్లల మాట వినడమే పనిగా ఒక మనిషిని బడిలో కూర్చోబెట్టాలి. ఆ ఖర్చు పెద్దదేమీ కాదు. సైకాలజీ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఉస్మానియా క్యాంపస్‌లోనే బోలెడుమంది ఉన్నారు.